ఎందుకు నచ్చలేదో చెప్పండి చాలు

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదురా, ఏదైనా మంచి నవల ఉంటే చెప్పు" అన్నాడు ఒక స్నేహితుడు. నేను క్షణం కూడా ఆలోచించలేదు. అంతకు రెండేళ్ల ముందు చదివి, ఆ తర్వాత కనపడ్డ ప్రతివాడికీ అంటగడుతూ వచ్చిన నవల పేరు చెప్పేశాను. "భాష చూడు, కొన్నిచోట్ల పేజీ తిప్పబుద్ధి కాదు" అని ఊరించాను కూడా. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పుస్తకం నిండా ఆసుపత్రే కదరా" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ నవలలో ఒక తల్లి సుమారు 150 పేజీల పాటు మంచం మీద ఉండి చనిపోతుంది. వాడికి నిద్ర పట్టకపోవడానికి కారణం వాళ్లమ్మ అప్పటికి రెండు వారాలుగా ఐసీయూలో ఉండటం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ నవలే చెప్పానంటే వాడంటే లెక్కలేక కాదు. అందులో ఆసుపత్రి ఉందన్న సంగతే నా బుర్రలో మిగల్లేదు. భాష మిగిలింది, ఒక వాన రాత్రి మిగిలింది, చివర్లో తలుపు దగ్గర నిలబడ్డ పిల్లాడు మిగిలాడు. మిగతా కథంతా ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. (నవల పేరు ఇక్కడ చెప్పను. తప్పు నాది, దానిది కాదు.)

ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ నవలలు చెప్పలేదు. అడిగితే "ఈమధ్య పెద్దగా చదవట్లేదండీ" అని అబద్ధమాడేవాణ్ని. చదవడం మానలేదు గానీ, చదివేవాళ్లు ఒకరికొకరు ఎలా చెప్పుకుంటున్నారో, ఎలా అడుగుతున్నారో వినడం మొదలుపెట్టాను. వినగా వినగా ఒక అభిప్రాయం గట్టిపడింది. ఒక పాఠకుడు ఇంకో పాఠకుడికి నవల గురించి చెప్పే మాటల్లో అన్నిటికంటే పనికొచ్చేది మెచ్చుకోలు కాదు, ఫిర్యాదు. కారణంతో సహా చెప్పిన ఫిర్యాదు.

మెచ్చుకునేటప్పుడు మనందరి దగ్గరా ఉండే మాటలు ఓ పదో పదిహేనో. అద్భుతం. ఏకబిగిన చదివించింది. గుండె పిండేసింది. పాత్రలు కళ్లముందు కదలాడాయి. తప్పక చదవాలి. ఈ మాటల్ని ఒక డిటెక్టివ్ నవల మీంచి ఊడదీసి ఒక కుటుంబగాథ మీద అతికించండి, అతుకు కనపడదు. "ఏకబిగిన" అన్న మాటనే తీసుకోండి. నాకైతే ఏకబిగిన చదివించే నవలంటే కొంచెం అనుమానం. రాత్రంతా కూర్చుని పూర్తిచేసి, పొద్దున పళ్లు తోముకుంటూ హీరోయిన్ పేరేమిటా అని తడుముకున్న నవలలు బోలెడు. ఆ మాట చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఏకబిగిన చదివించింది. కానీ ఎంత సేపట్లో అయిపోయిందో చెప్పారు గానీ, అందులో ఏముందో చెప్పలేదు.

పైగా మెచ్చుకోలు వెనక మొహమాటం ఉంటుంది. రచయిత తెలిసినవాడై ఉంటాడు. లేదా పుస్తకం ఇచ్చినవాళ్లు "ఎలా ఉంది?" అంటూ ఎదురుగా నిలబడి ఉంటారు. ఇంకో రకం మొహమాటం కూడా ఉంది, అది మనకు మన మీదే. 600 పేజీలు చదివాక బాగాలేదని ఒప్పుకుంటే, ఆ రెండు వారాలూ వృథా చేసుకున్నామని కూడా ఒప్పుకోవాలి. అందుకని "మొదట్లో కాస్త నెమ్మది గానీ, మొత్తం మీద బాగుంది" అంటాం. మొహమాటానికి మెచ్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మొహమాటానికి ఫిర్యాదు చేసినవాళ్లను ఒక్కరినీ చూడలేదు.

ఇప్పుడు ఒక ఫిర్యాదు చూడండి. "మొదటి 100 పేజీల్లో ఏమీ జరగదు. ఒక ఇల్లు, ఆ ఇంట్లో మనుషులు పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేస్తారో రాసుకుంటూ పోయాడు." ఇలా రాసినవారు ఆ నవలకి ఐదుకి ఒకటి వేసి ఉంటారు. నేను మాత్రం ఆ వాక్యం చూడగానే పుస్తకం తెప్పించుకుంటాను. "అంతా మాటలే, వర్ణన లేదు" అని ఒకరు విసుక్కుంటే అది ఇంకొకరికి ఆహ్వానం. "ముగింపు తేల్చకుండా గాల్లో వదిలేశాడు" అన్న మాట విని పుస్తకం పక్కన పెట్టేసేవాళ్లున్నారు, అదే మాట విని చేతిలోకి తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఫిర్యాదు చేసినవారికీ నాకూ అభిరుచి కలవక్కర్లేదు. వారు చూసింది నిజమైతే చాలు.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. అదీ ఒక సిఫారసు కథే. 1847 అక్టోబరులో షార్లెట్ బ్రాంటీ నవల "జేన్ ఐర్" వచ్చింది. జార్జ్ హెన్రీ లూయిస్ అనే విమర్శకుడికి అది నచ్చింది. అయినా ఆవేశం, అతి నాటకీయత కాస్త తగ్గించుకోమని ఆవిడకి ఉత్తరంలో సలహా ఇస్తూ, అంతకు ముందుతరం నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్‌ను ఆదర్శంగా చూపించాడు. బ్రాంటీ అప్పటిదాకా ఆస్టిన్‌ను చదవలేదు. "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" సంపాదించి చదివింది. 1848 జనవరిలో లూయిస్‌కి జవాబు రాసింది. తనకు అందులో కనపడినవి ఇవట: ఒక మామూలు మొహానికి ఉన్నదున్నట్టు తీసిన ఫోటో. జాగ్రత్తగా కంచె కట్టి, శ్రద్ధగా పెంచిన తోట, తీర్చిదిద్దిన మళ్లు, నాజూకు పూలు. ఆరుబయలు లేదు, తాజా గాలి లేదు, నీలికొండ లేదు, సెలయేరు లేదు. ఆ సొగసైన ఇరుకిళ్లలో ఆ మనుషులతో కలిసి బతకడం తనవల్ల కాదని తేల్చేసింది.

ఆస్టిన్ అభిమానుల్ని అడగండి. వాళ్లు వెళ్లేది సరిగ్గా ఆ తోటకే. కంచె లోపల, నాలుగు కుటుంబాల మధ్య, ఒక మాట కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందో చూడటమే వాళ్లకి ఆనందం. బ్రాంటీ తీర్పు తప్పని వాదించవచ్చు, చాలామంది వాదించారు కూడా. ఆవిడ చూపు మాత్రం తప్పు కాదు. ఆ నాలుగు వాక్యాల్లో ఆస్టిన్ దగ్గర ఏముందో చెప్పింది. తెలియకుండానే తన దగ్గర ఏం దొరుకుతుందో కూడా చెప్పేసింది: కొండ, గాలి, ఆరుబయలు. లూయిస్ పొగడ్త కంటే ఈ ఫిర్యాదే నాకు రెండు నవలల దారీ చూపించింది.

ఇక నక్షత్రాలు. 4.1 వచ్చిన నవలకీ 3.7 వచ్చిన నవలకీ మధ్యనున్న ఆ 0.4 ఏమిటో ఎవరైనా వివరిస్తే విందామని ఎప్పట్నుంచో చూస్తున్నాను. 2014లో బలాజ్ కొవాచ్, అమండా షార్కీ అనే ఇద్దరు పరిశోధకులు పెద్ద పెద్ద అవార్డులు గెలిచిన పుస్తకాలనీ, తుది జాబితా దాకా వచ్చి గెలవని పుస్తకాలనీ పక్కపక్కన పెట్టి చూశారు. మొత్తం 64 పుస్తకాలు, పాఠకులు రాసిన 38,817 అభిప్రాయాలు. అవార్డు ప్రకటించాక, గెలవనివాటితో పోలిస్తే గెలిచినవాటి రేటింగే ఎక్కువగా పడిపోయింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది చదివేవాళ్లు. అంతవరకూ ఆ రకం నవలలు ఇష్టపడేవాళ్లే వెతుక్కుని చదివారు, అవార్డు రాగానే ఆ రకం పట్టనివాళ్లు కూడా కొన్నారు. అందుకే ఒక మంచి నవలకి రేటింగు తక్కువ ఉంటే, అది నప్పనివాళ్ల చేతుల్లో ఎంతగా పడిందో అనుకుంటానే గానీ, నవల చెడ్డదనుకోను.

గుంపుగా మెచ్చుకోవడం మీద 2006లో ఇంకో ప్రయోగం వచ్చింది. అది నవలల మీద కాదు, పాటల మీద. అయినా చెప్పుకోవాలి. మాథ్యూ సాల్గానిక్, ఆయన సహచరులు పెద్దగా ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 తీసుకుని 14,341 మందికి వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, ఎవరి గుంపులో ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఎనిమిది గుంపుల్లోనూ ఒకే పాట గెలవలేదు. మరీ మంచి పాట అడుక్కి పోవడం, మరీ నాసిరకం పాట పైకి రావడం అరుదు. ఆ మధ్యలో ఉన్నవాటి జాతకం మాత్రం మొదట విన్న కొద్దిమంది చేతుల్లోనే తేలిపోయింది. "అందరూ చదువుతున్నారు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఎనిమిది గుంపులు గుర్తొస్తాయి. ఇది ఏ గుంపు, మిగతా ఏడు గుంపుల్లో ఏ నవల నడుస్తోంది?

ఇంత చెప్పినా, నేను నవలలు ఎంచుకునేది పరిశోధనలు చూసి కాదు. మా పిన్నిని చూసి.

పిన్ని నాకంటే ఎక్కువ చదువుతుంది. నవల చేతికి రాగానే ముందు ఆఖరి పేజీ చదివేస్తుంది. "ఎవరు మిగులుతారో తెలిస్తే టెన్షన్ ఉండదురా, స్థిమితంగా చదువుకోవచ్చు" అంటుంది.

"అంతా తెలిసిపోయాక ఇంకేం చదువుతావు పిన్నీ?"

"ఎలా జరిగిందో చదువుతాను. ఏం జరిగిందో తెలుసుకోడానికైతే పేపరు చాలు."

చాలా ఏళ్లు ఆవిడని ఏడిపించాను. 2011లో నికలస్ క్రిస్టెన్‌ఫెల్డ్, జొనాథన్ లెవిట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 12 కథలతో చేసిన ప్రయోగంలో, ముగింపు ముందే తెలిసినవాళ్లే కథని కాస్త ఎక్కువ ఆస్వాదించారని తేలింది. ఆ సంగతి చెబితే పిన్ని "దానికి ప్రయోగం ఎందుకు, నన్నడిగితే చెప్పేదాన్నిగా" అంది. 2015లో ఇంకెవరో అలాంటి ప్రయోగమే చేస్తే ఫలితం తిరగబడింది. అది మాత్రం ఆవిడకి చెప్పలేదు.

పిన్నికీ నాకూ అభిరుచి ఎక్కడా కలవదు. ఆవిడకి మనుషులు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. నాకు మనుషులు ఏమీ చేయలేక కూర్చున్న నవలలే ఇష్టం. కానీ పదిహేనేళ్లుగా నాకు అందరికంటే మంచి నవలలు పంపించింది ఆవిడే. అవన్నీ ఆవిడ మధ్యలో వదిలేసినవి. ఆపిన పేజీ చివర మడతపెట్టి పంపిస్తుంది. ఫోన్‌లో ఒక్క ముక్క చెబుతుంది. "వాడికి పనీపాటా లేదురా, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు, నువ్వు చదువుకో." లేదా, "ఆ పిల్ల ఒక ఉత్తరం చించాలా వద్దా అని 30 పేజీలు ఆలోచిస్తుంది, నాకు ఓపిక లేదు, నీకు ఉంటుంది." ఇంతకంటే చక్కగా నాకు ఎవరూ నవలలు చెప్పలేదు. తనకి ఎందుకు పడలేదో తెలుసు, అది ఎవరికి పడుతుందో కూడా తెలుసు. ఒక్కసారి మాత్రం, ఆవిడ 212వ పేజీ దగ్గర ఆపి పంపిన నవలని నేనూ అక్కడే ఆపేశాను. మడత పెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

అభిరుచి పూర్తిగా కలిసిన స్నేహితుడొకడు నాకున్నాడు. మాట్లాడుకుంటుంటే ఆనందంగా ఉంటుంది, అంతే. వాడు చెప్పే నవల అప్పటికే నా బల్ల మీద ఉంటుంది. పుస్తకాలమ్మే సైట్లు చేసేది కూడా దాదాపు ఇదే: ఇది కొన్నవాళ్లు అవీ కొన్నారు అని చూపించడం. ఏ పుస్తకం కొన్నానో వాటికి తెలుసు, ఫోన్‌లో చదివితే ఏ పేజీ దగ్గర ఆగానో కూడా తెలియవచ్చు. ఎందుకు ఆగానో తెలియదు. విసుగొచ్చి ఆగానా, తట్టుకోలేక ఆగానా, చార్జింగ్ అయిపోయి ఆగానా?

అందుకే ఇప్పుడు ఎవరైనా "మంచి నవల సజెస్ట్ చేయండి" అంటే వెంటనే పేరు చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను. "ఈమధ్య సగంలో ఆపేసిన నవల ఏది? ఎక్కడ ఆపారు?" నచ్చిన నవల ఏదని అడిగితే అందరూ ఒక పెద్దపేరు చెబుతారు, కాస్త బుద్ధిమంతుల్లా. ఆపేసిన నవల అడిగితే మాత్రం మొహం మారుతుంది, గొంతు తగ్గుతుంది, నిజం బయటికొస్తుంది. ఒకావిడ, "అందులో అందరూ మంచివాళ్లేనండీ, 40 పేజీలు దాటాక ఊపిరాడలేదు" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆవిడకి ఏం చెప్పాలో తెలిసిపోయింది. ఇంకొకాయన, "ఆ అన్నదమ్ముల పేర్లు గుర్తుపెట్టుకోలేక వదిలేశాను" అన్నారు. అది నవల మీద ఫిర్యాదు కాదు. ఆయన రోజంతా పనిచేసి, రాత్రి పదకొండింటికి కళ్లు మూతలు పడుతుండగా చదువుతారు. ఆయనకి కావలసింది చిన్న అధ్యాయాలు, తక్కువ మనుషులు.

సియాటిల్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన నాన్సీ పెర్ల్, నవలలోకి నాలుగు తలుపులున్నాయంటారు: కథ, పాత్రలు, చోటు, భాష. ఒక్కొక్కరు ఒక్కో తలుపులోంచి వెళతారు. మనకి ఏది పెద్దదో తెలిస్తే మనకి పడే నవల దొరకడం తేలిక. ఇది చదివాకే, ఆసుపత్రి నవల విషయంలో నేను చేసిందేమిటో నాకు అర్థమైంది. నేను భాష తలుపులోంచి వెళ్లి, భాష చూసి బయటికొచ్చాను. వాణ్ని కూడా అదే తలుపులోంచి లోపలికి తోశాను. వాడికి లోపల కనపడింది చోటు. పెర్ల్ ఇంకో లెక్క కూడా చెప్పారు: నవలకి 50 పేజీలు అవకాశం ఇవ్వండి, పట్టుకోకపోతే వదిలేయండి. 50 ఏళ్లు దాటినవాళ్లు 100లోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. మా పిన్నికి 68. ఆ లెక్కన 32 పేజీలు సరిపోతాయి. ఆవిడేమో 212 దాకా ఓర్చుకుంటుంది.

1931లో ఎస్.ఆర్. రంగనాథన్ రాసిన గ్రంథాలయ సూత్రాలు ఐదింటిలో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. రెండూ ఒకటే కదా, విడివిడిగా ఎందుకు రాశాడా అనుకునేవాణ్ని. ఒకటి కాదు. నేను నాకోసం వెతుక్కునేటప్పుడు రెండోది పనిచేస్తుంది. నేను వద్దనుకున్న పుస్తకం తరఫున మాట్లాడేది మూడోది. నాకు పడనంత మాత్రాన దానికి పాఠకుడు లేకుండా పోడు. వాడికి ఆ పుస్తకం ఎలా ఉంటుందో చెప్పాల్సిన బాధ్యత, అది చదివి వదిలేసిన నాకే ఎక్కువ ఉంది. మెచ్చినవాళ్లు ఎలాగూ చెబుతారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. ఫిర్యాదులకి తలుపు తెరిస్తే తిట్లు వస్తాయి. "చెత్త", "డబ్బులు దండగ", "రాయడం రానివాళ్లంతా రాసేస్తున్నారు". పార్సిల్ ఆలస్యంగా వచ్చిందని నవలకి ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లనీ చూశాను. వీటిని నేను ఫిర్యాదులనను. ఫిర్యాదులో పుస్తకం కనపడాలి. వాక్యంలో రాసినవారి కోపం తప్ప ఇంకేమీ కనపడకపోతే, అది "అద్భుతం" అన్న మాటకి తోబుట్టువే. కొత్తగా రాస్తున్నవారి మొదటి నవల సంగతి వేరు. దానికి వచ్చేవే నాలుగు అభిప్రాయాలైతే, అందులో ఒకటి "సాగదీశారు" అని ఉంటే దెబ్బ గట్టిగా తగులుతుంది. అక్కడ నేనూ కాస్త మెత్తబడతాను, మొహమాటమే అనుకోండి. కనీసం ఏ పేజీ దగ్గర సాగినట్టనిపించిందో మాత్రం రాస్తాను.

సలహా అడిగేవాళ్ల మీద కూడా నాకో ఫిర్యాదుంది. అడుగుతారు, పేరు రాసుకుంటారు, మాయమైపోతారు. చదివారో లేదో, ఎక్కడ ఆపారో చెప్పరు. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, ఎవరికి ఏ నవల చెప్పానో అందులో రాసి పెట్టుకుంటాను. పక్క గడి వాళ్ల జవాబు కోసం. సగానికి పైగా గడులు ఖాళీ.

ఆ ఆసుపత్రి నవల పక్కన గడి ఏడాదిన్నర ఖాళీగా ఉంది. వాళ్లమ్మ కోలుకుని ఇంటికొచ్చారు. ఆ నవల ప్రస్తావన నేనూ తేలేదు, వాడూ తేలేదు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "పూర్తి చేశానురా" అన్నాడు. భాష గురించి ఒక్క మాట లేదు. "అందులో నర్సు ఉంది చూడు, ఆవిడ అబద్ధం. ఎప్పుడూ కూర్చోదు, ఎప్పుడూ అలిసిపోదు. అమ్మ దగ్గరుండే నర్సులు తెల్లవారుజామున మూడింటికి గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీసేవాళ్లు. ఇది రాసినవాడు ఆసుపత్రిలో ఒక్క రాత్రి కూడా గడిపి ఉండడు."

నర్సా? రెండుసార్లు చదివాను, నర్సు ఉన్నట్టే గుర్తులేదు. ఫోన్ పెట్టేసి పుస్తకం తీశాను. మూడోసారి చదువుతుంటే వాక్యాల దగ్గర ఆగలేదు, ఆవిడ ఎక్కడొస్తుందా అని వెతుక్కుంటూ పోయాను. మొత్తం 11 చోట్ల వస్తుంది. వాడన్నది నిజమే, ఒక్కచోట కూడా కూర్చోదు. అయితే ఆ గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంది. ఆవిడ వచ్చిన 11 సార్లూ ఆ కుర్చీలో చుట్టాలు ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు, ఒక్కరూ లేవలేదు.

వాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఏ పేజీలోరా?" అన్నాడు.